పోయిన హాకీ జట్టు తిరిగి వస్తుందా?

హైదరాబాద్ సుల్తాన్స్ అనే పేరు మీలో ఎంతమందికి గుర్తుంది? 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ అని ఒక పోటీ మొదలైంది. ఐ.పి.ఎల్. పుట్టడానికి అప్పటికి ఇంకా మూడేళ్లుంది. ఊరి పేరు మీద జట్టు, జట్టులో కొందరు విదేశీ ఆటగాళ్లు, టీవీ ప్రసారం అన్నీ అందులో ఉన్నాయి. ఆటను రెండు సగాలుగా కాకుండా నాలుగు భాగాలుగా ఆడించారు. ఆ పద్ధతి తర్వాత ప్రపంచ హాకీ అంతటికీ వచ్చింది. మొదటి ఏడాది మ్యాచులు గచ్చిబౌలిలో పెట్టారు. కప్పు కూడా హైదరాబాద్ సుల్తాన్స్‌కే దక్కింది.

2008లో మన హాకీకి ఎనభై ఏళ్లలో ఎన్నడూ లేని కష్టం వచ్చింది. 1928 తర్వాత మొదటిసారి భారత జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయింది. ఆ వెంటనే అప్పటి హాకీ సమాఖ్యను భారత ఒలింపిక్ సంఘం సస్పెండ్ చేసింది. సమాఖ్యతో పాటే లీగూ పోయింది, లీగుతో పాటు సుల్తాన్సూ పోయారు. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ అని ఇంకో పోటీ పెట్టారు. ఎనిమిది జట్లున్నాయి, హైదరాబాదు లేదు. 2013లో హాకీ ఇండియా లీగ్ వచ్చింది. రాంచీ ఉంది, ముంబయి ఉంది, మరుసటి ఏడాది ఒడిశా నుంచి కళింగ లాన్సర్స్ చేరింది. హైదరాబాదు అప్పుడూ లేదు. మొదటి లీగులో మొదటి కప్పు గెలిచిన ఊరు పదహారేళ్లు బయటే నిలబడింది.

2024లో హాకీ ఇండియా లీగ్‌ను మళ్లీ తెరిచారు. ఈసారి తెలుగు నేలకు రెండు జట్లు దక్కాయి. ఒకటి హైదరాబాద్ తూఫాన్స్. రెండోది విశాఖపట్నం పేరు మీద వచ్చిన గోనాసిక. తూఫాన్స్ బాగా ఆడింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్లో బెంగాల్ టైగర్స్ చేతిలో నాలుగు గోల్స్‌కు మూడు గోల్స్‌తో ఓడి రెండో స్థానంలో నిలిచింది. విశాఖ సంగతి వేరుగా నడిచింది. తర్వాతి సీజన్ జట్ల పట్టికలో ఆ ఊరి పేరు కనిపించలేదు. రాంచీ పేరు మాత్రం కొత్తగా చేరింది.

అంటే విశాఖకు జట్టు వచ్చినట్టే వచ్చి పోయింది. మళ్లీ వస్తుందా? రావాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్న ప్రొద్దుటూరు అంగట్లో కూర్చుని వింటున్న మీకెందుకని అడగొచ్చు. జమ్మలమడుగులో శనగ చేలు, పులివెందులలో చీనీ తోటలు చూసుకునేవాళ్లకు విశాఖ జట్టుతో పనేముందని కూడా అనొచ్చు. పని ఉంది. ఎందుకో కాస్త ఆగి చెప్తాను.

ముందు విశాఖ జట్టు సంగతి ఇంకొంచెం చూద్దాం. గోనాసిక అన్న క్షేత్రం ఒడిశాలోని కేంఝర్ జిల్లాలో ఉంది. బైతరణి నది అక్కడే పుడుతుంది. మన విశాఖ జట్టుకు ఒడిశా పుణ్యక్షేత్రం పేరు! సింహాచలం గుర్తుకు రాలేదు, భీమిలి గుర్తుకు రాలేదు. పేరు పెట్టడంలో తప్పేమీ లేదు, డబ్బు పెట్టిన యజమాని ఇష్టం అది. నేను చెప్పేది కూడా అదే. ఆ జట్టు యజమానిది. అది ఒక్క మ్యాచు కూడా విశాఖలో ఆడలేదు. ఆ సీజన్ మ్యాచులు ఒడిశా, జార్ఖండ్‌లలోనే జరిగాయి. జట్టును ఊరు చూడలేదు, ఊరిని జట్టు చూడలేదు. అలాంటి జట్టు పోయినప్పుడు ఊళ్లో ఎవరూ ఏడవకపోవడంలో వింతేముంది?

లీగు లెక్క ఇలా ఉంటుంది. 2024 వేలంలో ఒక్కో పురుషుల జట్టుకు ఆటగాళ్ల కోసం పెట్టదగిన సొమ్ము పరిమితి 4 కోట్ల రూపాయలు. జట్టులో 24 మంది. అందులో ఎనిమిది మంది విదేశీయులు. ఆ సొమ్ముకు ప్రయాణాలు, బస, కోచ్‌లు, లీగుకు కట్టాల్సిన రుసుము కలపండి. రాబడి ఎక్కణ్ణుంచి రావాలి? టికెట్ల మీద వచ్చేది చాలా తక్కువ. జెర్సీల మీద పేరు వేయించుకునే కంపెనీలు, టీవీ, గెలిస్తే బహుమతి సొమ్ము. క్రికెట్‌కు ఉన్న ప్రేక్షకులు హాకీకి లేరు కనుక మొదటి కొన్నేళ్లు యజమాని చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. ఓపిక ఉన్నన్నాళ్లు పెడతాడు, లేకపోతే తప్పుకుంటాడు. ఆ నిర్ణయంలో ఊరి జనానికి ఓటు లేదు.

ఈ కథ మనదొక్కటే కాదు. కెనడాలో, అమెరికాలో మంచు మీద ఆడే హాకీకి వందేళ్లు దాటిన నేషనల్ హాకీ లీగ్ ఉంది. అది వేరే ఆట. బంతి బదులు రబ్బరు బిళ్ల, కాళ్లకు స్కేట్లు. అయినా ఊళ్లు జట్లను పోగొట్టుకోవడంలో, తిరిగి తెచ్చుకోవడంలో వాళ్ల అనుభవం మనకంటే చాలా పెద్దది. మన పిల్లలు బోలెడంతమంది స్థిరపడిన డల్లాస్ పక్కన ఫ్రిస్కో అనే ఊరుంది. డల్లాస్ స్టార్స్ అనే హాకీ జట్టు కార్యాలయం అక్కడే. ఆ జట్టు డల్లాస్‌లో పుట్టింది కాదు. ఉత్తరాన గడ్డకట్టే చలి ఉండే మిన్నెసోటా నుంచి 1993లో ఎండల టెక్సాస్‌కు తరలించుకు వచ్చారు. మంచు ఉన్న చోట జట్టు పోయింది, మంచు లేని చోటికి చేరింది. డబ్బుకు వాతావరణంతో పని లేదు.

అన్నిటికంటే చెప్పుకోవాల్సింది కెనడాలోని విన్నిపెగ్ కథ. అది మధ్యస్థమైన నగరం, మన విజయవాడ లాంటిది అనుకోండి. దానికి విన్నిపెగ్ జెట్స్ అని జట్టుండేది. 1990ల్లో కెనడా డాలరు విలువ పడిపోయింది. ప్రేక్షకులు టికెట్లు కొనేది కెనడా డాలర్లలో, ఆటగాళ్లకు జీతం ఇచ్చేది అమెరికా డాలర్లలో. స్టేడియం పాతది. ధనవంతులు కూర్చునే ప్రత్యేక గదులు లేవు, వాటి రాబడీ లేదు. జనం వీధుల్లోకి వచ్చి చందాలు పోగేశారు. అయినా చాల్లేదు. 1996లో జట్టు ఎడారి నగరం ఫీనిక్స్‌కు వెళ్లిపోయింది.

ఆ తర్వాత విన్నిపెగ్ చేసిన పని గమనించాలి. జట్టు లేకుండానే 2004లో ఊరి నడిబొడ్డున కొత్త స్టేడియం కట్టుకున్నారు. కింది స్థాయి లీగు జట్టును అందులో ఆడించారు. 2005లో పెద్ద లీగు జట్ల జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. దాంతో చిన్న నగరం కూడా లెక్క తప్పకుండా జట్టును నడపగలిగే పరిస్థితి వచ్చింది. కెనడాలోనే అత్యంత ధనికుల్లో ఒకడైన డేవిడ్ థామ్సన్ భాగస్వామిగా చేరాడు. అప్పటికి అట్లాంటాలో ఒక జట్టు నష్టాల్లో ఉంది. 2011లో దాన్ని కొన్నారు. పూర్తి సీజనుకు చెల్లే టికెట్లు 13 వేలు అమ్మితే గాని నిలబడలేమన్నారు. అందరికీ అమ్మకం తెరిచిన నిమిషాల్లో మిగిలినవీ అయిపోయాయి. పదిహేనేళ్ల తర్వాత జట్టు తిరిగి వచ్చింది, పేరూ పాతదే పెట్టుకున్నారు.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, వచ్చింది పోయిన జట్టు కాదు. పోయిన జట్టు అప్పటికి ఫీనిక్స్‌లోనే ఉంది, పాత రికార్డులూ దానితోనే వెళ్లాయి. వచ్చింది అట్లాంటా వాళ్లు పోగొట్టుకున్న జట్టు. ఒక ఊరి పండుగ ఇంకో ఊరి దుఃఖం మీద జరిగింది. రెండోది, వచ్చాక కూడా నిశ్చింత లేదు. 2023 నాటికి సీజను టికెట్లు 13 వేల నుంచి తొమ్మిదిన్నర వేలకు పడిపోయాయని యాజమాన్యమే బయటపెట్టి, జనాన్ని బతిమాలుకుంది.

క్యూబెక్ నగరానిది ఇంకా చేదు కథ. అక్కడి నార్డిక్స్ జట్టు 1995లో అమెరికాలోని డెన్వర్‌కు పోయింది. పోయిన మరుసటి ఏడాదే కప్పు గెలిచింది! క్యూబెక్ వాళ్ల మనసు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి. విన్నిపెగ్‌ను చూసి వాళ్లూ 18 వేల సీట్లు దాటిన స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టి 2015లో తెరిచారు. లీగు వాళ్లు మరుసటి ఏడాది కొత్త జట్టు ఇచ్చారు, లాస్ వేగాస్‌కు. క్యూబెక్‌ను తర్వాత చూద్దామన్నారు. స్టేడియం ఈనాటికీ ఆ జట్టు కోసం చూస్తూనే ఉంది.

కాబట్టి స్టేడియం ఉంటే చాలదు, జనం ఉంటే చాలదు. లీగులో ఖాళీ ఏర్పడాలి, ఆ సమయానికి డబ్బున్నవాడు సిద్ధంగా ఉండాలి. ఈ రెండూ ఊరి చేతిలో లేవు. ఊరి చేతిలో ఉన్నది మైదానం, ఆట తెలిసిన జనం. మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ రాంచీ. 2013లో మొదటి హాకీ ఇండియా లీగ్‌ను రాంచీ రైనోస్ గెలిచింది. ఏడాది తిరిగేసరికి యజమానులకూ లీగు నడిపే హాకీ ఇండియాకూ చెడింది, జట్టు పోయింది. 2015లో కొత్త యజమానులతో రాంచీ రేస్ అని వచ్చింది, ధోనీ అందులో భాగస్వామి. అది కూడా కప్పు గెలిచింది. 2017 తర్వాత లీగే ఆగిపోయింది. 2024లో తిరిగి మొదలైనప్పుడు పురుషుల జట్లలో రాంచీ లేదు. కానీ మహిళల లీగు మొదటిసారి జరిగింది రాంచీలోనే. ఆ తర్వాతి సీజనుకు రాంచీ రాయల్స్ వచ్చింది. ఒక ఊరు రెండుసార్లు జట్టును పోగొట్టుకుని రెండుసార్లూ తిరిగి తెచ్చుకుంది. ఎందుకంటే అక్కడ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి మైదానం ఉంది, ప్రభుత్వం ఆసక్తి చూపింది. అన్నిటికంటే ముఖ్యంగా, చుట్టుపక్కల సిమ్డేగా, ఖూంటీ పల్లెల్లో పిల్లలు వెదురు కర్రతో ఆడుతూ పెరుగుతారు. 1928 ఒలింపిక్ జట్టుకు నాయకత్వం వహించిన జైపాల్ సింగ్ ఆ ప్రాంతం మనిషే. యజమానులు మారారు, ఆడేవాళ్లు మారలేదు.

విశాఖకు మళ్లీ జట్టు వస్తుందా అంటే, రావచ్చు. పెద్ద నగరం, పరిశ్రమలున్నాయి, విమానాశ్రయం ఉంది. ఏ కంపెనీ అయినా ముందుకొస్తే రేపే రావచ్చు, ఎల్లుండే పోవచ్చు. ప్రొద్దుటూరు వారియర్స్ అని ఒక జట్టు ఎన్నడైనా వస్తుందా అంటే, రాదు. నా మట్టుకు నాకు ఇందులో సందేహం లేదు. ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారం ఎంత జోరుగా ఉన్నా సరే. అలాంటి జట్టు కోసం ఆశపడటం కూడా అనవసరం అంటాను.

అయితే హాకీ మన దగ్గర ఎప్పుడూ లేదనుకోకండి. ఒకప్పుడు ఉన్నత పాఠశాలల్లో డ్రిల్లు మాస్టారి గదిలో ఫుట్‌బాల్, వాలీబాల్ నెట్టుతో పాటు నాలుగు హాకీ కర్రలు కూడా మూలన ఉండేవి. గట్టి నేల, కొంచెం చదును చేస్తే చాలు, ఆట ఆడేవాళ్లు. అది పోవడానికి కారణం క్రికెట్ అని అందరూ అంటారు. సగం నిజమే. మిగతా సగం 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఉంది. హాకీని మొదటిసారి కృత్రిమ గడ్డి మీద ఆడించారు. అప్పటిదాకా ఏదో ఒక పతకం లేకుండా తిరిగి రాని మన జట్టు ఏడో స్థానంలో మిగిలింది. ఆ తర్వాత పెద్ద పోటీలన్నీ టర్ఫ్ మీదికే మారిపోయాయి. మట్టి మీద నేర్చిన పిల్లవాడికి పైకి దారి లేకుండా పోయింది. బంతి వేగం వేరు, మలుపు వేరు, ఒంటికి కావలసిన బలమూ వేరు. తొంభై ఒక్క మీటర్ల పొడవు, యాభై అయిదు మీటర్ల వెడల్పు టర్ఫ్ వేయాలంటే కోట్లు కావాలి. కొన్నేళ్లకు అది అరిగిపోతుంది, మళ్లీ వేయాలి. ఏ జిల్లా పరిషత్ పాఠశాల అంత భారం మోస్తుంది?

ఇంకో చిక్కు నీళ్లు. మేలైన టర్ఫ్‌ను ఆట ముందు తడపాలి, మధ్య విరామంలోనూ తడపాలి. ఒక్కసారి తడిపితే వేల లీటర్లు పోతాయి. మన సంగతి నేను చెప్పాలా? గండికోట జలాశయం, చిత్రావతి రిజర్వాయరు వచ్చాక పులివెందుల, జమ్మలమడుగు వైపు నీళ్ల ముఖం కొంత చూశాం. అయినా ఎండాకాలం ఏదో ఒక పల్లెలో ట్యాంకరు దగ్గర బిందెల వరుస కనిపిస్తూనే ఉంటుంది. ఆ వరుస పక్కన మైదానానికి పైపులతో నీళ్లు కొడుతుంటే చూసే ఆడవాళ్లు ఏమంటారో రేడియోలో చెప్పలేను. అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఇప్పుడు నీళ్లు తక్కువ పట్టే, అసలు అవసరం లేని టర్ఫ్‌ల వైపు నడుస్తోంది. మనలాంటి జిల్లాల్లో వేస్తే అలాంటివే వేయాలి. టర్ఫ్ వేసేవాళ్లు ప్రారంభోత్సవం నాటి శిలాఫలకంతో పాటు పదేళ్ల నీళ్ల ఖర్చు, కాపలా ఖర్చు ఎవరిదో కూడా రాసి పెట్టాలి.

మరి చిన్న ఊరు ఏం చేయాలి? దీనికి జవాబు మన సీమలోనే ఉంది, వేరే ఆటలో. బండలాగుడు పోటీలు చూడనివాళ్లు మన ప్రాంతంలో ఉండరు. ఉగాదికో, తిరునాళ్లకో, ఊరి దేవర జాతరకో పెడతారు. పాలపళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, సీనియర్లు అని ఎద్దుల వయసును బట్టి తరగతులుంటాయి. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. కర్నూలు, నంద్యాల, అనంతపురం, గుంటూరు వైపు నుంచి కూడా జతలు వస్తాయి. మైకులో ఎద్దుల యజమాని పేరు, ఊరు పేరు కలిపి చదువుతారు. బహుమతి ఇచ్చిన దాత పేరు కూడా చదువుతారు, ఒక్కసారి కాదు, విసుగొచ్చేదాకా. ఈ ఎద్దుల మేపుకు, ఉలవలకు, రవాణాకు ఖర్చు చాలా అవుతుంది. బహుమతితో అది తిరిగి రాదని యజమానికి తెలుసు. అయినా పెడతాడు. ఇదంతా ఏ లీగూ నడపలేదు, ఏ టీవీ కంపెనీ డబ్బు ఇవ్వలేదు. యజమాని మారినా, ఎద్దులు ముసలివైపోయినా పోటీ ఆ ఊరిదే. వచ్చే ఏడు మళ్లీ అక్కడే జరుగుతుంది.

ఒక జట్టును తేవడం కాకుండా ఒక పోటీని నిలబెట్టుకోవడం. చిన్న ఊళ్లు చేయగలిగింది ఇదీ. చేసి చూపించిన ఊళ్లున్నాయి.

తమిళనాడులో తూత్తుకుడి జిల్లాలో కోవిల్‌పట్టి అనే ఊరుంది. అగ్గిపెట్టెలకు, వేరుశనగ చిక్కీకి పేరు. 2011 లెక్కల ప్రకారం జనాభా లక్షకు లోపే, అంటే మన ప్రొద్దుటూరు కంటే చిన్నది. చుట్టూ నల్లరేగడి భూములు. జమ్మలమడుగు, ముద్దనూరు వైపు మన రేగడి చేలు చూసినవాళ్లకు ఆ నేల కొత్తగా అనిపించదు. అక్కడి పల్లెల్లో శతాబ్దాల కింద వలస వెళ్లిన తెలుగువాళ్లు ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఆ ఊరి పక్కన ఇడైసేవల్ మనిషి, తెలుగు ఇంట పుట్టినవాడు. ఆయన గురించి చెప్తే ప్రసంగం అయిపోతుంది, హాకీలోకి వస్తాను.

కోవిల్‌పట్టిలో లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీ పోటీ జరుగుతుంది. అక్కడి ఒక విద్యాసంస్థల కుటుంబం తమ పెద్దావిడ పేరు మీద నడిపిస్తున్న పోటీ అది. రైల్వే, బ్యాంకు, సైనిక జట్లు వచ్చి ఆడతాయి. అంటే దేశంలోని మేటి ఆటగాళ్లు ఆ చిన్న ఊరి టర్ఫ్ మీద కనిపిస్తారు, ఊరి జనం గట్టు మీద కూర్చుని చూస్తారు. దానికి తోడు తమిళనాడు ప్రభుత్వం అక్కడ హాకీ పిల్లల కోసం ప్రత్యేక వసతిగృహం నడుపుతోంది. ఆ ఊరి మారీశ్వరన్ శక్తివేల్, ఆ వసతిగృహంలో తయారైన అరియలూరు కుర్రవాడు కార్తీ సెల్వం 2022 ఆసియా కప్‌లో భారత జట్టుకు ఆడారు. కోవిల్‌పట్టికి లీగులో జట్టు లేదు. లీగు జట్లకు ఆటగాళ్లను మాత్రం అది పంపిస్తోంది.

ఇంకొకటి కర్ణాటకలోని కొడగు జిల్లా. 1997లో పాండండ కుట్టప్ప అనే బ్యాంకు ఉద్యోగి కొడవ కుటుంబాలన్నిటినీ కలపాలని ఒక హాకీ పోటీ మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో జట్టు. మొదటి ఏడు 60 కుటుంబాలు ఆడాయి. ప్రతి సంవత్సరం ఒక కుటుంబం ఆతిథ్యం ఇస్తుంది, కప్పుకు ఆ ఇంటిపేరే. తాత, మనవడు, కోడలు ఒకే జట్టులో దిగుతారు. 2024లో నాపోక్లులో 360 జట్లు ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాయి. టర్ఫ్ లేదు, మామూలు మైదానాలే. ఎం.పి. గణేశ్, బి.పి. గోవింద, ఎం.ఎం. సోమయ్య లాంటి ఆటగాళ్లను ఇచ్చిన జిల్లా అది. మన దగ్గర ఇంటిపేర్లతో జట్లు కట్టమని మాత్రం నేను అనను. అది హాకీ దగ్గరే ఆగుతుందన్న హామీ ఇవ్వలేను. మనకు ఊరి పేరే క్షేమం.

మన పక్క అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ పల్లెటూరి ఆడపిల్లలకు, మగపిల్లలకు హాకీ నేర్పిస్తూ ఉంది. చిత్తూరు వైపు యర్రావారిపాళెం మండలంలోని పల్లె నుంచి వచ్చిన ఇ. రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్ అయింది. రాయలసీమ నేలకు ఈ ఆట పట్టదని ఇంక ఎవరూ అనలేరు. హైదరాబాదు నుంచి ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడంటే నగరం కనుక అనుకున్నాం. రజని ఊరికి ఆ మాట వర్తించదు.

ఇక మన మూడు ఊళ్ల సంగతి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు సుమారు ఇరవై కిలోమీటర్లు. అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల. ఉదయం బస్సెక్కి ఆడి, రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు. అంటే జట్లకు బస ఖర్చు లేదు, చిన్న పోటీలను మింగేసే ఖర్చు అదే. ఇప్పుడు ఫైవ్స్ అని అయిదుగురు ఆడే హాకీ వచ్చింది. 2024లో దాని మొదటి ప్రపంచకప్ ఒమాన్‌లో జరిగితే మన మహిళల జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. దానికి సగం మైదానం చాలు, ఇరవై నిమిషాల ఆట. పాఠశాల మైదానాన్ని రోలరుతో చదును చేసుకుంటే మొదలుపెట్టొచ్చు. బాగా ఆడినవాళ్లను టర్ఫ్ ఉన్న చోటికి వారానికి రెండు రోజులు పంపితే చాలు. మొదటి రోజే ప్రతి ఊరికీ టర్ఫ్ కావాలని పట్టుబట్టి కూర్చుంటే పదేళ్లు అర్జీలతోనే గడిచిపోతాయి.

పోటీ ఎప్పుడు పెట్టాలి? ప్రొద్దుటూరు దసరా ఎంత పెద్దదో మీకు తెలుసు. అమ్మవారిశాల ముందు అలంకారాలు చూడటానికి జిల్లా అంతా దిగుతుంది. ఆ పది రోజులు బడులకు సెలవులు, బంగారు అంగళ్లకు, బట్టల అంగళ్లకు గిరాకీ. దాతలను అడగడానికి అంతకంటే మంచి అదను లేదు. ఒక ఏడు ప్రొద్దుటూరులో, తర్వాతి ఏడు సంక్రాంతికి పులివెందులలో, ఆ తర్వాత ఒకసారి జమ్మలమడుగులో తిప్పుకోవచ్చు. ఆడపిల్లల జట్టు తేని ఊరికి మగపిల్లల జట్టుకు ప్రవేశం లేదని మొదటి ఏడే నిబంధన పెట్టాలి. తర్వాత పెట్టడం కష్టం, కుదరని కారణాలు నూరు పుడతాయి.

వ్యాయామ ఉపాధ్యాయులు అడిగే మొదటి ప్రశ్న సామాన్ల గురించి. కర్రలు ఎట్లాగో సమకూరుతాయి. పాతవి కొనొచ్చు, పెద్ద జట్లు వాడి పక్కన పెట్టినవి అడిగి తెచ్చుకోవచ్చు. తగ్గించకూడనిది గోల్‌కీపర్ కిట్టు. హెల్మెట్, ఛాతీ కవచం, కాళ్ల ప్యాడ్లు, చేతి తొడుగులు అన్నీ కలిపితే మంచిదానికి వేలల్లో అవుతుంది. అది లేకుండా పిల్లను గోలు ముందు నిలబెట్టకూడదు. ప్రతి జట్టుకూ అక్కర్లేదు. మ్యాచుకు రెండు చాలు, ఒక జట్టు దిగాక ఇంకో జట్టు వాడుకుంటుంది. మూడు ఊళ్లకూ కలిపి ఆరు కిట్లు. బండలాగుడు పోటీలో ఒక్క విభాగం మొదటి బహుమతికి మన దాతలు పెట్టే సొమ్ముతో పోలిస్తే ఇది పెద్ద మాట కాదు. మైకులో పేరు మాత్రం చదివించాలి, విసుగొచ్చేదాకా.